పులస కొన్నవాడు తప్పు చేయలేదు

గోదావరికి ఎర్రనీరు తగిలి నాలుగు రోజులైంది. యానాంలో గౌతమి ఒడ్డున తెల్లారేసరికే పులస పాట మొదలైంది. బుట్టలో ఉన్నవి మూడే చేపలు. అందులో పెద్దది కిలోన్నర పైనే తూగుతుంది. నలుగురు ఆటోవాళ్ళు తలా కొంత వేసుకుని దాన్ని పాడుకున్నారు. వాళ్ళు చేపను సంచిలో వేసుకుంటుంటే నా పక్కన నిలబడ్డ మా అగ్రహారం పెద్దాయన, రిటైరైన మేస్టారు, వాళ్ళకు వినబడేలాగే అన్నారు: “పుస్తెలమ్మి పులస తినడమంటే ఇదేనయ్యా. రేపటి ఆలోచన లేని జనం. అందుకే ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఉంటారు.”

ఆటో అబ్బాయి కోపం తెచ్చుకోలేదు. “ఆయ్, రేపు ఉంటదాండీ ఇది, మేస్టారూ?” అని అడిగి, సంచి హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

మేస్టారు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఆ పూట నేనూ నోరు విప్పలేదు. ఆయనంటే నాకు గౌరవం, నాకు లెక్కలు నేర్పింది ఆయనే. కానీ ఆ మాట ఆయనొక్కడిదే కాదు. మన బడిలో, మన ఇళ్ళల్లో, పెళ్ళిళ్ళ పంక్తిలో, బ్యాంకు బల్ల ముందు అందరూ అనేది అదే: ఈరోజు కోసం బతికేవాడు బాధ్యత లేనివాడు, రేపటి కోసం ఈరోజును కోసుకునేవాడు బుద్ధిమంతుడు. ఇది తప్పు. పైకి ముందుచూపులా కనిపించే తప్పు కాబట్టి మరీ ప్రమాదం.

ముందు ఆ సామెత సంగతి తేల్చుకుందాం. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న మాటను గోదావరి జిల్లాల దుబారాకు సాక్ష్యంగా చూపిస్తారు. పుస్తెలు అమ్మి చేప కొన్న ఇల్లాలిని నేను ఇంతవరకు చూడలేదు. ఆ సామెతలో ఉన్న లెక్క ధరది కాదు, కాలానిది. సముద్రంలో ఉన్నంతవరకు ఆ చేప ఇలస. గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది వచ్చి గోదావరి నీళ్ళు తాగాకే అది పులస. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక దాని ప్రయాణం అక్కడితో ఆగింది. వరద నీరున్న ఆ రెండు మూడు నెలలే దాని కాలం. ఆ తర్వాత ఎంత డబ్బు పట్టుకుని ఒడ్డున నిలబడ్డా దొరకదు. దాచుకుంటే మిగిలేవి కొన్ని, దాచుకుంటే పోయేవి కొన్ని ఉంటాయని ఆ సామెత కట్టిన పల్లెవాళ్ళకు తెలుసు. మేస్టారి లెక్కలో ఈ రెండో రకానికి చోటు లేదు.

అవతలి వాదాన్ని నేను తక్కువ చేసి చెప్పను. డెల్టాలో పుట్టినవాడికి రేపంటే భయం ఉండటం సహజం. వరద వస్తుంది, తుపాను వస్తుంది, కోతకొచ్చిన చేను నీటిపాలవుతుంది. మా తాతల తరం ఆకలి చూసింది. కడుపు కట్టుకుని కూడబెట్టిన ఇంట్లో పిల్లలు చదువుకున్నారు. చేతికొచ్చింది చేతికొచ్చినట్టు ఖర్చయిన ఇంట్లో పిల్లలు కూలికి వెళ్ళారు. అది కళ్ళారా చూసినవాళ్ళు చెప్పిన మాట కాబట్టే దానికి ఇంత బలం. ఆ మాట అక్కడితో ఆగి ఉంటే నాకు పేచీ లేదు.

అక్కడితో ఆగలేదు. రేపటి కోసం చేయాల్సిన పని చేయడం వేరు, అసలు బతుకునే రేపటికి వాయిదా వేయడం వేరు. మొదటిది ఎప్పుడూ ఈరోజే చేసే పని: నారు పోయడం, వల బాగుచేయడం, గట్టుకు మట్టి వేయడం. రెండోది పని కాదు, ఒక నమ్మకం. ఇంకా ఏదీ మొదలవలేదు, ఇప్పుడు నడుస్తున్నది అసలు జీవితం కాదు అన్న నమ్మకం. మనం ఈ రెండో దానికి మొదటి దాని పేరు పెట్టి మర్యాద చేస్తున్నాం.

దానికి తెలుగువాళ్ళ దగ్గర ఒక స్థిరమైన వాక్యమే ఉంది. పదో తరగతి ఫలితాలొచ్చిన వారం ఏ ఇంటి గుమ్మంలో నిలబడ్డా వినిపిస్తుంది: “ఈ రెండేళ్ళు కళ్ళు మూసుకుని చదివెయ్యి, తర్వాత జీవితమంతా సుఖమే.” పదిహేనేళ్ళ పిల్లను హాస్టల్లో దింపుతారు. చీకటితో లేచి స్టడీ అవర్, రాత్రి నిద్ర తూలేదాకా ఇంకో స్టడీ అవర్. ఆదివారం పరీక్ష. అమ్మతో ఫోన్లో మాట్లాడటానికి వరస. పాట పాడే పిల్ల పాట మానేస్తుంది, బొమ్మలేసే పిల్లాడు పెన్సిలు దాచేస్తాడు. “రెండేళ్ళేగా” అంటాం.

ఆ రెండేళ్ళు అయ్యాక ఏమవుతుందో చూడండి. ర్యాంకు వస్తే ఇంజనీరింగ్ నాలుగేళ్ళు, అక్కడ మళ్ళీ “ప్లేస్‌మెంట్ వచ్చేదాకా”. అది వస్తే ఎంఎస్, ఆ తర్వాత హెచ్‌-1బి లాటరీ. లాటరీ తగిలితే గ్రీన్‌కార్డు. అమెరికాలో ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వరాదన్న నియమం ఉంది. మనవాళ్ళు లక్షల్లో వరసలో ఉన్నారు కాబట్టి ఆ నిరీక్షణ దశాబ్దాల మాట. ఇల్లు కొందామా అంటే గ్రీన్‌కార్డు రానీ, వేరే పని చూసుకుందామా అంటే గ్రీన్‌కార్డు రానీ. పుట్టిన ఊరికి వెళ్ళొద్దామా అన్నా వీసా స్టాంపింగ్ భయం. తల్లిదండ్రుల మీద ఆధారపడి వరసలో నిలబడ్డ పిల్లలకు 21 ఏళ్ళు నిండితే ఆ వరసలోంచి జారిపోయే ప్రమాదం వేరే ఉంది. పదిహేనేళ్ళప్పుడు హాస్టల్ గుమ్మం దగ్గర వాయిదా వేసిన సుఖం నలభై ఐదేళ్ళకు కూడా వాయిదాలోనే ఉంటుంది. అప్పటికి ఆ వాక్యం చెప్పిన తల్లికి మోకాళ్ళు పోయి, విమానం ఎక్కలేని వయసు వస్తుంది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. మార్కుల నమోదులో తప్పులు జరిగాయని గొడవ రేగింది. ఆ రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కో మరణం వెనక ఒక్కో కథ ఉంటుంది, అన్నిటినీ ఒకే గాటన కట్టే హక్కు నాకు లేదు. కానీ ఆ పిల్లల్ని బలహీనులన్న పెద్దలను చూశాను, వాళ్ళతో నాకు రాజీ లేదు. మనం వాళ్ళకు ఏం చెప్పి పంపాం? ఇప్పటిదాకా నువ్వు బతికిన పదహారేళ్ళకూ సొంత విలువంటూ లేదు, ఆ విలువ ముందు రాబోయే ఒక కాగితంలో ఉందని చెప్పి పంపాం. ఆ కాగితం తప్పుగా వచ్చిన రోజున చేతిలో మిగలడానికి వాళ్ళ దగ్గర ఇంకేం ఉంచాం?

మా ఊరి చరిత్రలో దీనికి ఒక ముందటి పాఠం ఉంది. యానాంకు కల్యాణపురమన్న పేరు కూడా ఉండేది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. బాల్యవివాహాల నిరోధక చట్టం, అందరూ శారదా చట్టమనేది, 1929లో బ్రిటిష్ ఇండియాలో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 ఏళ్ళు నిండాలి. యానాం అప్పుడు ఫ్రెంచివాళ్ళది. ఆ చట్టం మా పొలిమేర దగ్గర ఆగిపోయేది. అందుకని చుట్టుపక్కల జిల్లాల నుంచి పిల్లలను వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చి, మూడు ముళ్ళూ వేయించి, తిరిగి వెళ్ళిపోయేవారు.

ఆ తల్లిదండ్రులు రాక్షసులు కాదు. పిల్లల మీద ప్రేమ లేనివాళ్ళూ కాదు. రేపు ఇంత మంచి సంబంధం దొరుకుతుందో లేదో, నేనుండగానే ఒక దారి చూపిస్తే నిశ్చింతగా పోతాను, ఇదీ వాళ్ళ ఆలోచన. దాన్ని వాళ్ళు ముందుచూపనే అనుకున్నారు. బండి దిగి నిద్రకళ్ళతో పీటల మీద కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్లకు ఆ పొద్దు ఏం కావాలన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆ ముందుచూపు ఎక్కడికి చేరుతుందో ఇదే గోదావరి ఎగువన అప్పటికి యాభై ఏళ్ళ కిందటే తేలిపోయింది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించాల్సి వచ్చింది ఎందుకు? పిల్లల రేపును భద్రం చేశామనుకున్న పెద్దలు, ఊహ తెలియకముందే వాళ్ళను విధవలను చేసి కూర్చోబెట్టారు కాబట్టి.

పెళ్ళికీ చదువుకూ పోలికేమిటని మేస్టారు అంటారు. చదువు మంచిదే. నేను ఖండిస్తున్నది చదువును కాదు, పీటల మీద ఉన్న తర్కమే హాస్టల్ గేటు దగ్గరా ఉండటాన్ని. రెండు చోట్లా పెద్దవాళ్ళ భయం తీరడం కోసం పిల్ల ఈరోజు ఖర్చవుతోంది. రెండు చోట్లా పిల్లను అడగలేదు. రెండు చోట్లా “నీ మంచికే” అన్నారు.

ఇక అసలు సవాలు. “ఇవన్నీ బాగానే ఉన్నాయి, వరదొస్తే ఏం చేస్తావ్?” అని నన్ను అడుగుతారు. గౌతమి ఒడ్డున కూర్చుని రాస్తున్నవాణ్ణి, ఈ ప్రశ్న తప్పించుకోలేను. తప్పించుకోవాలని కూడా లేదు, ఎందుకంటే నా వాదానికి వరదకన్నా గట్టి సాక్షి లేదు.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. 2022 జూలైలో అక్కడి నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటిన నీరు కిందికి వచ్చింది. యానాం వీధులు కాలవలయ్యాయి. ఆ రోజుల్లో ఇక్కడ ఇళ్ళల్లో జరిగిన పని గుర్తు చేసుకోండి. మొదటి హెచ్చరికకు బియ్యం మూట, పప్పులు, గ్యాస్ పొయ్యి అటక మీదికి ఎక్కాయి. రేషన్ కార్డు, పట్టా కాగితం, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో చేరాయి. రెండో హెచ్చరికకు గేదెలను గట్టు మీదికి తోలారు, మంచంలో ఉన్న ముసలివాళ్ళను మేడ ఉన్న ఇంటికి మోసుకెళ్ళారు. మూడోది వచ్చేసరికి పక్కింటివాళ్ళ పిల్లలు ఎక్కడున్నారో లెక్క చూసుకున్నారు. ప్రతి పనీ ఆ గంటకు ఆ గంట చేసిందే. ఏడాది పొడుగునా వరద గురించి దిగులు పడ్డవాడి బియ్యం ఎక్కువ ఎత్తులో ఏమీ లేదు. నీళ్ళు గడప దగ్గరికి ఎప్పుడొచ్చాయో కళ్ళతో చూస్తూ కూర్చున్నవాడి ఇల్లే కాస్త తడి తక్కువగా బయటపడింది.

తుపానుల లెక్క ఇంకా స్పష్టం. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచింది, పదివేల మంది దాకా పోయారు. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను మా పక్కనే తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, వేటకెళ్ళిన జాలర్లు ఎందరో తిరిగి రాలేదు. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం తాకినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. మృతులు పదుల సంఖ్యలోనే ఆగారు. ఈ మధ్యకాలంలో ప్రాణాలు దక్కింది జనానికి రేపటి భయం పెరిగినందుకు కాదు. భయం 1977లోనూ కావలసినంత ఉంది. మారిందేమిటంటే, రాడార్ ముందు కూర్చున్నవాడు రోజూ ఆ తెర చూశాడు, తుపాను షెల్టర్ తాళం ఎవరి దగ్గర ఉందో ఒకరు కనుక్కుని ఉంచారు, ఫలానా రోజు ఫలానా ఊరికి బస్సు వెళ్ళింది. రేపును కాపాడింది ఆ మామూలు రోజుల్లో సరిగ్గా చేసిన పనే.

జాలర్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఒకప్పుడు అది ఇంతకన్నా తక్కువ రోజులే ఉండేది. చేప గుడ్లు పెట్టే కాలమని వల కట్టేస్తారు. ఆ రెండు నెలలూ ఇంట్లో గడవడం ఎంత కష్టమో వాళ్ళను అడగండి. రేపటి చేప కోసం చేసే ఆ పని కూడా “ఈరోజు వల వేయకపోవడమే”. ఒడ్డున కూర్చుని వల కళ్ళు కుట్టుకుంటారు, పడవకు తారు పూస్తారు, ఆటుపోట్ల తిథులు చెప్పుకుంటారు. బతుకు ఆగిపోయిందని వాళ్ళెవరూ అనుకోరు.

దాచుకోవడం మాటకొస్తే, దాచుకున్నవాళ్ళందరికీ రేపు దక్కిందా? విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో సుమారు 32 లక్షల మంది డబ్బు పెట్టారు. మొత్తం ఆరు వేల కోట్ల రూపాయలు దాటింది. కూతురి పెళ్ళికని, ముసలితనానికని, పండగ కూడా చేసుకోకుండా కట్టినవాళ్ళే అందులో ఎక్కువ. 2015 నాటికి అది కూలిపోయింది. మా యానాంలో రీజెన్సీ సిరామిక్స్ ఉద్యోగమంటే ఒకప్పుడు స్థిరమైన బతుకని పేరు. 2012 జనవరి 27న, కార్మిక వివాదం ముదిరిన ఆ ఒక్క రోజున, ఒక కార్మిక నాయకుడూ కంపెనీ అధ్యక్షుడూ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. ఫ్యాక్టరీ ఏళ్ళ తరబడి మూతపడింది. నేను పొదుపు వద్దనడానికి ఇవి చెప్పడం లేదు. రేపు అన్నది ఎవరూ సంతకం పెట్టి ఇచ్చిన పత్రం కాదని చెప్పడానికే.

పొదుపుకు నాకు నచ్చిన రూపం వేరే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాను తరిమిన ఉద్యమం తర్వాత, ఆ జిల్లాలోనే ‘పొదుపులక్ష్మి’ మొదలైంది. రోజుకు ఒక్క రూపాయి. ఏ సారా సీసాకో పోయే డబ్బులోంచి ఒక రూపాయి ఆ పూట చేతిలో మిగిలింది కాబట్టి డబ్బాలో పడింది. ఆ మార్పు వాళ్ళ ఇంట్లో ఆ రాత్రే తెలిసింది, మొగుడు తాగి కొట్టని రాత్రిగా. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చే సుఖం కోసం ఈ రాత్రి దెబ్బలు ఓర్చుకోమని వాళ్ళకు ఎవరైనా చెప్పి ఉంటే, చెప్పినవాళ్ళు ఉన్నారు కూడా, వాళ్ళు వినలేదు. అందుకే వాళ్ళ పొదుపు నిలబడింది.

ఉన్నది ఒక్కటే జీవితం, వాయిదాల్లో ఫోన్ కొను, అప్పు చేసి గోవా వెళ్ళు అని నేర్పే ప్రకటనలు వేరే ఉన్నాయి. వాటిని నా పక్షాన లెక్కేయకండి. అప్పు చేసి తిన్నది ఈరోజు కాదు, రేపటి కూడే. వాళ్ళు రేపటి నుంచి దొంగిలిస్తారు, మేస్టారి పక్షంవాళ్ళు ఈరోజు నుంచి దొంగిలిస్తారు. ఆటోవాళ్ళ చేప అప్పు చేప కాదు. నలుగురూ జేబుల్లోంచి తీసి లెక్కపెట్టడం నేను చూశాను.

ఇప్పుడు నేనుండే వీధి పేరు సంగతి. అగ్రహారమంటే వేదం చదువుకునే బ్రాహ్మణులకు రాజులు పన్ను లేకుండా ఇచ్చిన ఊరు. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో అలాంటి గృహస్థులను నాలుగు రకాలుగా చెప్పారు. గాదెనిండా ధాన్యం ఉన్నవాడు, కుండెడు ఉన్నవాడు, మూడు రోజులకు సరిపడా ఉన్నవాడు, రేపటికి ఏమీ దాచని అశ్వస్తనికుడు. ఒకరికన్నా తర్వాతివాడు గొప్ప. అంటే రేపటికి గింజ దాచనివాడే అందరికన్నా పైన. మన సంప్రదాయమే ఈరోజుకు ఓటు వేసిందని ఇక్కడ చెప్పి చప్పట్లు కొట్టించుకోవచ్చు. నాకు మనసొప్పదు. ఎందుకంటే ఆ అగ్రహారీకుడి రేపటి గింజ ఎవరో పండిస్తున్నారు. రాజు ఇచ్చిన మడి ఉంది, దాన్ని దున్నే చెయ్యి ఉంది. ఆ దున్నేవాడు కూడా రేపటికి ఏమీ దాచుకోలేదు. అతన్ని మాత్రం ఎవరూ అశ్వస్తనికుడని పొగడలేదు, రేపటి ఆలోచన లేని జనమన్నారు. ఒకే బతుకు. ఒక ఇంట్లో వైరాగ్యం, ఇంకో ఇంట్లో తెలివితక్కువతనం. పులస పాట దగ్గర మేస్టారి నోట నాకు వినబడింది ఈ పాత తేడాయే. ఆయన కులం గురించి నేను మాట్లాడటం లేదు. మనందరి చెవుల్లో మిగిలిపోయిన తీర్పు గురించి మాట్లాడుతున్నాను.

కాబట్టి ఈరోజును బతకమని నేను ఎవరికైనా చెప్పాలంటే, ముందు అతని కాళ్ళ కింద నేల ఉండాలి. చవక బియ్యం, ముసలితనపు పింఛను, మందులుండే ఆస్పత్రి, తెగని ఏటిగట్టు, ఇవి లేనివాడికి “ప్రస్తుతంలో జీవించు” అని బోధించే స్వాముల మీద నాకు గౌరవం లేదు. రాజులు కొన్ని ఇళ్ళకు ఇచ్చిన ఆ నిశ్చింత ప్రతి ఇంటికీ ఇవ్వడమే ప్రభుత్వాల పని. ఆ నేల ఉన్నాక కూడా ఈరోజును తాళం వేసి పెట్టుకునేవాడితోనే నా తగవు. నిజానికి ఆ రోగం అన్నీ ఉన్న ఇళ్ళల్లోనే ఎక్కువ.

అదే సంప్రదాయంలో నేను మనసారా దండం పెట్టేది ఒకటుంది, సంకల్పం. ఏ చిన్న పూజైనా దానితోనే మొదలు. బ్రహ్మ ఆయుర్దాయంలో రెండో సగం దగ్గర మొదలుపెడతారు. కల్పం, మన్వంతరం, యుగం, యుగంలో పాదం అని దిగుతూ వస్తారు. తర్వాత నేల: ద్వీపం, దేశం, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాం, ఏ ఏటి పక్కన ఉన్నాం. కూర్చున్నది సొంత ఇల్లా అద్దె ఇల్లా అన్నది కూడా చెప్పించే పురోహితులున్నారు. ఆ తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, నెల, పక్షం, తిథి, వారం. అంత పెద్ద కాలమంతా చుట్టి వచ్చి ఆ పొద్దు మీద, ఆ పీట మీద ఆగుతుంది. అప్పుడు గానీ చేతిలో నీళ్ళు వదలరు. ఎప్పుడున్నావో ఎక్కడున్నావో తెలియకుండా ఏ పనీ మొదలుపెట్టకు అని మనకు చిన్నప్పటి నుంచి నేర్పిన పాఠం అది. మేస్టారు ఏటా వినాయక చవితికి ఆ మాటలు తప్పు లేకుండా చెబుతారు.

బయటివాళ్ళూ ఇదే దగ్గరికి వచ్చారు. విలియం ఆస్లర్ అనే పెద్ద వైద్యుడు 1913 ఏప్రిల్ 20న యేల్ విశ్వవిద్యాలయంలో కుర్రవాళ్ళకు ఉపన్యాసమిచ్చాడు. ఓడలో ఒక గదిలోని నీరు ఇంకో గదిలోకి రాకుండా మూసే ఇనుప తలుపుల్లాగా, నిన్ననూ రేపునూ మూసి ఈ రోజు గదిలో పని చేసుకోమన్నాడు. సోమరి మాట కాదది. వైద్యవిద్యకు దశాబ్దాల పాటు ప్రామాణికంగా నిలిచిన పాఠ్యగ్రంథం రాసినవాడి మాట. నాలుగేళ్ళకు, 1917లో, ఆయనకు మిగిలిన ఒక్క కొడుకూ యుద్ధంలో చనిపోయాడు. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఇంకో గీత గీశారు. రైలు అందుకోవడానికి, భాష నేర్చుకోవడానికి గడియారం కాలం కావాలి. రేపు మంచివాణ్ణవుతాను, రేపు ప్రేమిస్తాను అన్నది మాత్రం మనసు కల్పించుకున్న కాలం, అది ఈరోజు చేయకుండా ఉండటానికి సాకు. ఈ గీత మన ఇళ్ళల్లో పడితే చాలు. పరీక్షకు తయారవడం గడియారం పని, తయారవనీయండి. ఆదివారం పూట పిల్ల ఇంటికొచ్చి నాన్న పక్కన కూర్చోవడాన్ని మాత్రం ర్యాంకు వచ్చేదాకా ఆపకండి.

చివరగా పులస గురించి ఒక మాట మిగిలింది. దాన్ని వండటం తెలిసినవాళ్ళు తొందరపడరు. మట్టి దాకలో, పిడకల సెగ మీద, చింతపండు పులుసు పోసి, బెండకాయలు, పచ్చిమిరపకాయలు వేసి సన్నగా కాగనిస్తారు. గరిటె పెట్టరు, ముక్క విరుగుతుందని దాకనే పట్టుకుని తిప్పుతారు. దించే ముందు ఆవకాయ మీద తేరిన నూనె, కాస్త వెన్నపూస. అంతా అయ్యాక కూడా వెంటనే తినరు. రాత్రంతా మూతపెట్టి ఉంచి మర్నాడు తింటారు, రుచి అప్పటికి గానీ ముక్కలోకి దిగదు. రేపటి ఆలోచన లేని జనం అన్నారు మేస్టారు. ఆ ఇళ్ళల్లో ఆ రాత్రి పొయ్యి దగ్గర ఎంత ఓపికగా కూర్చున్నారో ఆయన చూడలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆటో స్టాండులో ఆ అబ్బాయి క్యారియర్ మూత తీస్తే రోడ్డు అవతలిదాకా వాసన వచ్చింది.

ఆ సాయంత్రం మేస్టారింటికి వెళ్ళాను. మూడంతస్తుల ఇల్లు, పై రెండింటికీ తాళం. పాట దగ్గర నేను అనలేని మాటలన్నీ అందామని వెళ్ళాను. ఆయన అరుగు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, ముందటి రోజు చేప ఎంతకు పోయిందని అడిగారు. చెప్పాను. అమ్మగారు లోపలి నుంచి, “మా అబ్బాయికి చాలా ఇష్టం బాబూ పులస పులుసు. వాడు వెళ్ళాక నేను వండనేలేదు, ఆ దాక అటక మీదే ఉంది” అన్నారు. ఈ ఏడు ఒకటి కొనకూడదా మేస్టారూ అన్నాను.

“వాడు సంక్రాంతికి వస్తానన్నాడు. వచ్చాక కొందాం” అన్నారు ఆయన.

సంక్రాంతికి గోదావరిలో పులస ఉండదు. ఆయనకు ఆ సంగతి తెలుసు.